ఖండాలు ఒక్క ఏడాదిలో విడిపోతే ఆ వేడంతా ఎక్కడికి పోయింది?

ప్రశ్న: నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. తొమ్మిదో తరగతికి ఖండాల చలనం పాఠం చెప్పిన మర్నాడే ఓ అబ్బాయి లేచి, "టీచర్, ఖండాలు విడిపోవడానికి కోట్ల ఏళ్లు పట్టలేదంట. నాలుగున్నర వేల ఏళ్ల కిందట ప్రళయం వచ్చినప్పుడు ఒక్క ఏడాదిలోనే విడిపోయాయంట. అమెరికా సైంటిస్టులే చెప్పారంట" అన్నాడు. అదే వీడియో అంతకుముందే మా ఫ్యామిలీ గ్రూపులోకి వచ్చింది. పెట్టింది మా మరిది. ఇంజనీరింగ్ చదివినవాడు, తెలివైనవాడు. "ఇప్పుడు నెమ్మదిగా కదులుతున్నాయి కాబట్టి అప్పుడూ నెమ్మదిగానే కదిలి ఉంటాయని మీరు ఊహించుకుంటున్నారు వదినా. ఎవరు చూసొచ్చారు?" అంటాడు. నాకు వెంటనే జవాబు తట్టలేదు. అలా జరిగే వీలు నిజంగా ఉందా? పిల్లలకు ఏం చెప్పాలి? ఇంట్లో గొడవ కాకుండా మరిదితో ఎలా మాట్లాడాలి?
– ఓ టీచర్, తూర్పు గోదావరి జిల్లా

సమాధానం: టీచర్ గారూ, ముందుగా మీ క్లాసులో లేచి నిలబడిన ఆ అబ్బాయిని మెచ్చుకోండి. పాఠం విని, బయట విన్నదానితో పోల్చి చూసుకుని, పొంతన కుదరక అడిగాడు. మీ మరిది ప్రశ్న కూడా కొట్టిపారేయాల్సింది కాదు. భూవిజ్ఞానులు ఇప్పటి వేగాన్ని కొలిచి, దాన్నే వెనక్కి లెక్కగట్టి "20 కోట్ల ఏళ్లు" అని తేల్చి ఉంటే ఆయన అభ్యంతరం సరైనదే అయ్యేది. కానీ లెక్క అలా కట్టలేదు. జవాబు మొత్తం ఈ ఒక్క సంగతి మీదే నడుస్తుంది.

వీడియోలో చెప్పేది ఎక్కణ్నుంచి వచ్చిందో ముందు చూద్దాం. బైబిల్లోని నోవహు ఓడ కథలో వచ్చే ప్రళయకాలంలో ఖండాలు ఒక్కసారిగా చీలిపోయాయన్న మాట కొత్తది కాదు. 1858లోనే ఆంటోనియో స్నైడర్ పెల్లెగ్రీని అనే ఆయన అమెరికాలను, ఆఫ్రికాను అతికించిన పటం గీసి ఆ మాట అన్నారు. జర్మన్ శాస్త్రవేత్త వెగెనర్ ఖండ చలనాన్ని ప్రతిపాదించింది 1912లో, అంటే అది అంతకన్నా యాభై ఏళ్లకు పైగా పాతది. ఇప్పుడు తిరుగుతున్న రూపం 1994లో అమెరికాలో ఆరుగురు కలిసి రాసిన పత్రంలోది. వాళ్లలో ముఖ్యులు జాన్ బామ్‌గార్డ్‌నర్. ఈయన నిజంగానే భూభౌతిక శాస్త్రం చదివినవారు, లాస్ అలమోస్ ప్రయోగశాలలో పనిచేసినవారు. భూమి లోపలి మాంటిల్ (పైపెంకు కింద ఉండే మందపాటి రాతి పొర) కదలికను లెక్కగట్టే ఆయన కంప్యూటర్ ప్రోగ్రామును మామూలు శాస్త్రవేత్తలు కూడా వాడుకున్నారు. కాబట్టి "అమెరికా సైంటిస్టులు" అన్న మాట అబద్ధం కాదు. ఆ మాట దగ్గర వాదన పెట్టుకోకండి.

ఇంకో జాగ్రత్త. సింగరేణి బొగ్గుగనుల్లో దొరికే గ్లాసాప్టెరిస్ అనే అంతరించిన చెట్టు ఆకుల ముద్రలే అంటార్కిటికాలోనూ, దక్షిణాఫ్రికాలోనూ దొరికాయని, విశాఖ కొండల రాళ్లకు అంటార్కిటికా తూర్పు తీరంలో జతలున్నాయని మనం పాఠంలో చెప్తాం. అవి నిజాలే, కానీ మీ మరిదికి జవాబు కావు. ఖండాలు ఒకప్పుడు కలిసి ఉండేవని ఆయనా ఒప్పుకుంటున్నారు. తగాదా అంతా వేగం గురించే. వాళ్లు చెప్పే వేగం సెకనుకు మీటరు లేదా అంతకు మించి. మన భారత ఫలకం (మన దేశాన్ని మోస్తూ కదిలే భూమి పైపొర ముక్క) ఇప్పుడు ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు కదులుతోంది. రెండింటికీ మధ్య తేడా 60 కోట్ల రెట్లు.

ఇక అసలు విషయానికి వద్దాం. నన్నడిగితే మిగతా వాదనలన్నీ పక్కన పెట్టి ఒక్క వేడి లెక్క చాలు. ఇంజనీరింగ్ చదివారంటున్నారు కాబట్టి మీ మరిదే కాగితం మీద వేసుకోగలరు.

సముద్రాల అడుగున ఉన్న నేలంతా కరిగిన రాయి పైకి వచ్చి గడ్డకట్టిన బసాల్టే. ఖండాలు విడిపోతున్నకొద్దీ మధ్యలో కొత్తగా పుట్టుకొచ్చిన నేల అది. దాని విస్తీర్ణం సుమారు 30 కోట్ల చదరపు కిలోమీటర్లు, బసాల్ట్ పొర మందం సగటున 7 కిలోమీటర్లు. గుణిస్తే 210 కోట్ల ఘన కిలోమీటర్ల రాయి. ప్రపంచంలోని సముద్రపు నీళ్లన్నీ కలిపినా 134 కోట్ల ఘన కిలోమీటర్లకు కాస్త తక్కువే. రాయి నీటికి దాదాపు మూడు రెట్లు బరువు కదా, కాబట్టి బరువులో చూస్తే ప్రతి కిలో సముద్రపు నీటికీ నాలుగు కిలోలకు పైగా బసాల్ట్ ఉందన్నమాట.

ఆ బసాల్ట్ పైకి వచ్చేటప్పుడు దాని వేడి సుమారు 1,200 డిగ్రీలు. ఒక కిలో గడ్డకట్టి చల్లబడేసరికి దాదాపు 16 లక్షల జౌల్స్ వేడి వదులుతుంది. ఒక కిలో నీటిని మామూలు ఉష్ణోగ్రత నుంచి మరిగించి, పూర్తిగా ఆవిరి చేయడానికి కావాల్సింది 26 లక్షల జౌల్స్. నాలుగు కిలోలకు పైగా రాయి వదిలే వేడి 65, 70 లక్షలు. అంటే సముద్రాలన్నింటినీ ఒకసారి కాదు, రెండుసార్లు ఆవిరి చేసినా ఇంకా మిగిలేంత వేడి. ఇది పైనున్న 7 కిలోమీటర్ల పొర లెక్క మాత్రమే. దాని కింద ఫలకంలో భాగంగా చల్లబడిన మాంటిల్ రాయి పదుల కిలోమీటర్ల మందాన ఉంది. దాన్ని నేను కలపలేదు.

ఈ వేడి 15, 18 కోట్ల ఏళ్లలో కొంచెం కొంచెంగా బయటికి వస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. సముద్రం తీసుకుని గాలికిస్తుంది, గాలి అంతరిక్షానికి వదిలేస్తుంది. ఇప్పుడు కూడా రోజూ జరుగుతున్నది అదే. అదే వేడి ఒక్క ఏడాదిలో వస్తే నీళ్లుండవు, నీళ్ల మీద ఏ ఓడా ఉండదు, చేపా ఉండదు. ఆవిరి జెట్ల మాదిరిగా అంతరిక్షంలోకి చిమ్మిపోయిందని వాళ్లు ఒక దారి చెప్తారు. ఆవిరి తిరిగి వానగా పడితే, పట్టుకెళ్లిన వేడిని గాలిలోనే వదిలి పడుతుంది. తిరిగి పడకుండా పోతే సముద్రమే మిగలదు. బామ్‌గార్డ్‌నర్ కూడా ఈ చిక్కును దాచలేదు. మారని ప్రకృతి నియమాలతో ఈ ప్రళయాన్ని వివరించలేమని, దైవం జోక్యం చేసుకుందని అనుకోక తప్పదని 1990లోనే రాశారు. ఒక విశ్వాసిగా ఆయన ఆ మాట అనుకోవడంలో తప్పు లేదు. కానీ వీడియోలో ఆ మాట వినిపించదు. ఇదేదో భౌతిక శాస్త్రం నిరూపించిన విషయం అన్నట్టుగా పిల్లల దగ్గరికి వస్తుంది. నాకు బాధ కలిగించేది అదే.

సముద్రపు లోతు కూడా ఇదే సాక్ష్యం చెప్తుంది. అట్లాంటిక్ నడుమ, కొత్త నేల పుట్టే పర్వతశ్రేణి దగ్గర నీటి లోతు సుమారు రెండున్నర కిలోమీటర్లు. అక్కణ్నుంచి దూరం పోయేకొద్దీ నేల క్రమంగా కుంగుతూ, పాత నేల దగ్గర అయిదున్నర, ఆరు కిలోమీటర్లకు చేరుతుంది. కారణం చల్లబడటమే. చల్లబడిన ఫలకం కుంచించుకుని బరువెక్కి దిగుతుంది. రాయిలో వేడి ఎంత మెల్లగా ప్రయాణిస్తుందో ప్రయోగశాలలో కొలవొచ్చు. ఆ లెక్కన నాలుగున్నర వేల ఏళ్లలో చల్లదనం రాతి లోపలికి నాలుగైదు వందల మీటర్లకు మించి పాకదు. పగుళ్లలోకి దూరిన నీళ్లు పైభాగాన్ని ఇంకొంచెం త్వరగా చల్లబరచగలవు గానీ, వంద కిలోమీటర్ల మందమున్న ఫలకం చల్లబడాలంటే కోట్ల ఏళ్లు కావాల్సిందే. మొత్తం సముద్రపు నేల నాలుగున్నర వేల ఏళ్ల కిందట పుట్టి ఉంటే, అది ఇప్పటికి పాతిక మీటర్లు కూడా కుంగి ఉండేది కాదు. ఎక్కడ తాడు వేసినా లోతు ఇంచుమించు రెండున్నర కిలోమీటర్లే తగిలేది.

అంత వేగంగా ఫలకాలు జారాలంటే మాంటిల్ కూడా అందుకు తగినట్టు పలచబడాలి. మాంటిల్ ఎంత చిక్కగా ఉందో మనకు స్వీడన్ తీరం చెప్తోంది. మంచుయుగంలో కిలోమీటర్ల మందాన మంచు కూర్చున్న నేల అది. ఆ మంచు కరిగిపోయి సుమారు పదివేల ఏళ్లయినా బరువు దిగిన నేల ఇంకా లేస్తూనే ఉంది, ఏడాదికి దాదాపు సెంటీమీటరు చొప్పున. అక్కడ లూలియో అనే ఊరి రేవులో నీటి లోతు తగ్గిపోయి పడవలు రాలేకపోవడంతో 1649లో ఊరిని సముద్రం వైపుకు మార్చుకున్నారు. పాత ఊరు, రాతి చర్చి చుట్టూ చెక్క ఇళ్లతో ఇప్పటికీ లోపలే ఉంది. కింది రాయి అంత చిక్కన కాబట్టే పదివేల ఏళ్లు చాలలేదు.

ఇప్పుడు "ఎవరు చూసొచ్చారు?" అన్న మాటకు వద్దాం. పిల్లలకు గ్రాఫు కాగితం మీద చేయించడానికి హవాయి దీవులను మించింది లేదు. కిందనుంచి లావా ఎగదన్నే చోటు ఇంచుమించు ఒకేచోట ఉంటే, పైన పసిఫిక్ ఫలకం కదిలిపోతూ ఒకదాని తర్వాత ఒకటిగా దీవులు పుట్టాయి. ఇప్పుడు లావా కక్కుతున్న కిలావేయా నుంచి కవాయి దీవి సుమారు 500 కిలోమీటర్లు, దాని రాళ్ల వయసు సుమారు 50 లక్షల ఏళ్లు. మిడ్‌వే దీవి దాదాపు 2,400 కిలోమీటర్లు, వయసు సుమారు 2.8 కోట్లు. ఆ వరస ఉత్తరానికి మలుపు తిరిగే చోటు దాదాపు 3,500 కిలోమీటర్లు, వయసు 4.7 కోట్లు. దూరాన్ని వయసుతో భాగించమనండి. ఏడాదికి 10, ఎనిమిదిన్నర, ఏడున్నర సెంటీమీటర్లు వస్తాయి. ఉపగ్రహాలతో కొలిస్తే హవాయి ఈ రోజు కదులుతున్నది ఏడాదికి సుమారు 7 సెంటీమీటర్లు. వేగం ఎప్పుడూ అంగుళం తేడా లేకుండా ఒకేలా ఉండాలని ఎవరూ అనలేదు. చూడాల్సింది వేరే ఉంది: రాళ్ల వయసు కొలిచిన పద్ధతికి ఉపగ్రహం గురించి తెలియదు, ఉపగ్రహానికి రాళ్ల గురించి తెలియదు. అయినా రెండూ ఒకే లెక్క చెప్తున్నాయి.

పిల్లలకు ఆ దీవుల ఫొటోలు కూడా చూపించండి. కిలావేయా దగ్గర నల్లటి కొత్త రాయి. కవాయిలో అదే రాయి వానలకు అరిగి, ఎర్రమట్టిగా మారి, దాదాపు కిలోమీటరు లోతున లోయ పడింది. మిడ్‌వేలో అగ్నిపర్వతమే కనిపించదు. అది నీళ్లలోకి కుంగిపోతుంటే పగడాలు దానిమీద కట్టుకుంటూ పైకి వచ్చాయి. ఆ పగడపు పొరలు వందల మీటర్ల మందం. ఇవన్నీ ఒకే ఏడాదిలో పుట్టిన అన్నదమ్ముల్లా లేవని పిల్లలకు మీరు చెప్పనక్కర్లేదు, చూస్తేనే తెలుస్తుంది.

దక్షిణ అట్లాంటిక్‌లో 1968–69లో గ్లోమార్ ఛాలెంజర్ అనే ఓడ సముద్రపు నేలను తొలిచి చూసినప్పుడూ ఇదే తేలింది. నడిమి శ్రేణి నుంచి ఎంత దూరం పోతే అడుగు మట్టిలోని శిలాజాలు అంత పాతవి. లెక్క గీత గీసినట్టు వచ్చింది, ఒక్కో వైపుకి ఏడాదికి దాదాపు 2 సెంటీమీటర్లు.

దీనికి వాళ్ల జవాబు ఒకటుంది. రాళ్ల వయసు తేల్చేది వాటిలోని కొన్ని మూలకాలు నిలకడైన వేగంతో వేరే మూలకాలుగా మారే రేడియోధార్మిక క్షయాన్ని బట్టి; అప్పట్లో అది కూడా వేగంగా జరిగిందని, అందుకే రాళ్ల వయసు ఎక్కువ చూపిస్తోందని అంటారు. అలాగే అనుకుందాం. అప్పుడు ఖండాల వేగమూ, పొటాషియం క్షయమూ, దానికి పూర్తిగా వేరే పద్ధతిలో జరిగే యురేనియం క్షయమూ, అన్నీ ఒకే నిష్పత్తిలో పెరిగి మళ్లీ ఒకే నిష్పత్తిలో తగ్గి ఉండాలి. లేకపోతే పై గ్రాఫులో చుక్కలు ఒక వరసలోకి రావు. పైగా ఆ క్షయం వదిలే వేడి మళ్లీ ఇంకొకటి. ఇదే సంగతి మీద ఆ పక్షపు పరిశోధకులు ఏళ్లపాటు చేసిన సొంత ప్రాజెక్టు 2005లో ముగిసింది. వేడి సమస్యకు తమకు పరిష్కారం దొరకలేదని వాళ్లే రాసుకున్నారు.

మీకు మరో అదృష్టం ఉంది. సాక్ష్యం మీ జిల్లాలోనే ఉంది. కొవ్వూరు దాటి పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం వైపు వెళ్తే నల్లరాతి క్వారీలు, క్రషర్లు కనిపిస్తాయి. రోడ్ల కంకరకు పగలగొడుతున్న ఆ నల్లరాయి 6.5 కోట్ల ఏళ్ల నాటి దక్కన్ లావా. అది మహారాష్ట్ర వైపు పుట్టి, పాత నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్ల దాకా పారి వచ్చిందని ఎక్కువమంది భూవిజ్ఞానుల అభిప్రాయం. క్వారీ గోడను కిందనుంచి పైకి చూడండి. కింద లావా పొర. దాని మీద లేత రంగు సున్నపురాయి, మట్టిరాయి పట్టీ. దాని మీద మళ్లీ లావా. ఆ నడిమి పట్టీలో ఆల్చిప్పలు, నాచు, కంటికి ఆనని చిన్న పెంకుజీవుల అవశేషాలు ఉంటాయి. మొదటి లావా చల్లారింది, దాని మీదికి నదీముఖంలాంటి ఉప్పునీళ్లు వచ్చాయి, అందులో జీవులు పుట్టి పెరిగి చచ్చాయి, సున్నం పేరుకుంది, ఆ తర్వాతే రెండో లావా వచ్చింది. మరుగుతున్న ప్రళయజలాల్లో ఆల్చిప్పలు తరాల తరబడి కాపురం చేయలేవు. ఇదే లావా తీరం వైపు భూమిలోకి దిగిపోయింది, చమురు బావులు తవ్వినప్పుడు లోతున తగిలింది. ఆ పొరకు భూవిజ్ఞానులు రాజోలు పేరే పెట్టుకున్నారు.

ఆ క్వారీ రాళ్లు ఇంకో మాట కూడా చెప్తాయి. లావా గడ్డకట్టేటప్పుడు అందులోని ఇనుప ఖనిజం అప్పటి భూమి అయస్కాంత దిశను పట్టి ఉంచుతుంది. ఇక్కడ కింది పొరలో ఆ దిశ తలకిందులుగా ఉంది, పై పొరలో ఇప్పటిలాగే ఉంది. అంటే రెండు లావాల మధ్య భూమి అయస్కాంత ధ్రువాలు మారిపోయాయి. దక్కన్ లావా రాళ్లను 1950ల్లో నోబెల్ గ్రహీత బ్లాకెట్ బృందం కొలిచి చూసింది. భూమధ్యరేఖ నుంచి దూరం పోయేకొద్దీ అయస్కాంత దిశ వాలు పెరుగుతుంది. ఆ వాలును బట్టి అప్పట్లో మన దక్కన్ నేల భూమధ్యరేఖకు దక్షిణాన, సుమారు 30 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉండేది. రాజమండ్రి ఇప్పుడు 17 డిగ్రీల ఉత్తరాన ఉంది. తేడా 47 డిగ్రీలు, అంటే 5,200 కిలోమీటర్లు. 6.5 కోట్ల ఏళ్లతో భాగిస్తే ఏడాదికి 8 సెంటీమీటర్లు. మొదట్లో ఇంకా వేగంగా, 15 సెంటీమీటర్లకు పైనే పరిగెత్తిన మన ఫలకం ఆసియాకు గుద్దుకున్నాక నెమ్మదించింది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఆవరణలోని జీపీఎస్ స్టేషన్ ఇప్పుడు చూపిస్తున్నది ఈశాన్య దిశగా 5 సెంటీమీటర్ల చొప్పున. వీడియోల్లో "భారతదేశం ఊహించనంత వేగంగా కదిలిందని సైంటిస్టులే ఆశ్చర్యపోయారు" అని వినబడితే, ఆ వేగం ఈ 15 సెంటీమీటర్ల గురించేనని పిల్లలకు చెప్పండి.

మీ మరిది ఇంకో రెండు ఉదాహరణలు తేవచ్చు. ఒకటి, 2011లో జపాన్ భూకంపంలో ఓషికా ద్వీపకల్పం నిమిషాల్లో 5 మీటర్లు జరగడం. అది నిజమే. అయితే అది వందల ఏళ్లుగా ఇరుక్కుపోయి వంగుతూ వచ్చిన అంచు ఒక్కసారి జారడం. అంచు జారిందే గానీ, ఫలకం మొత్తం ఆ దూరం పరుగెత్తలేదు. మన తీరాన్ని 2004లో ముంచిన సునామీకి కారణం కూడా అలాంటి జారుడే. రెండోది, అమెరికాలోని ఆరిగన్‌లో స్టీన్స్ పర్వతపు లావాలో అయస్కాంత దిశ రోజుకు ఆరు డిగ్రీల చొప్పున తిరిగిన జాడలు ఉన్నాయని రాబర్ట్ కో బృందం 1995లో ప్రకటించింది. ధ్రువాలు రోజుల్లో తారుమారయ్యాయని చెప్పడానికి దాన్ని ఇప్పటికీ చూపిస్తుంటారు. అదే రాబర్ట్ కో, సహచరులతో కలిసి ఆ రాళ్లను మళ్లీ పరీక్షించి, పై లావా వేడికి కింది రాయి తర్వాత మళ్లీ అయస్కాంతీకరణ పొందిందని, ఆ ఊహ నిలబడదని 2014లో స్వయంగా రాశారు. ఈ రెండో సగం వీడియోలో ఉందో లేదో చూడమనండి.

క్లాసులో అయితే ఇవన్నీ చెప్పకండి, పిల్లలు కంగారు పడతారు. ఒక పీరియడ్‌లో హవాయి గ్రాఫు చాలు. భాగహారం వాళ్లే చేసుకోవాలి, జవాబు మీరు ముందే బోర్డు మీద రాయకూడదు. వీలైతే క్వారీ వాళ్లను ముందుగా అడిగి, పేలుళ్లు లేని రోజున, తెరిచి వదిలేసిన పాత గోడ దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లండి. గోడకు బాగా ఎడంగా నిలబడే ఆ మూడు పొరలు చూడొచ్చు. ప్రశ్న అడిగిన అబ్బాయినే నోట్సు రాయమనండి.

ఇక మరిది సంగతి. ఫ్యామిలీ గ్రూపులో జవాబు పెట్టకండి. పదిమంది ముందు అన్నమాటను ఎవరూ వెనక్కి తీసుకోలేరు. ఇంటికొచ్చినప్పుడు భోజనాలయ్యాక కాగితం, పెన్ను ఇచ్చి, "నువ్వు ఇంజనీరువి కదయ్యా, ఈ లెక్క నాకు చేసి పెట్టు. 30 కోట్ల చదరపు కిలోమీటర్లు, 7 కిలోమీటర్ల మందం, 1,200 డిగ్రీలు. ఏడాదిలో చల్లారాలి. సముద్రం ఏమవుతుంది?" అని అడగండి. ఆయన నమ్మకం జోలికి వెళ్లకండి, ఆ అవసరం కూడా లేదు. ప్రళయం కథను మనసారా నమ్మే కోట్లమంది ఖండాలు మెల్లగానే కదిలాయని ఒప్పుకుంటారు. వారిలో భూవిజ్ఞానులూ ఉన్నారు. ఆయన లెక్క చేసి, "దేవుడు ఆ వేడిని తీసేశాడు" అంటే అక్కడితో ఆపేయండి. అది ఆయన విశ్వాసం, మీ సోషల్ పాఠం దానికి పోటీ కాదు. "వేడి లేదు, ఉండదు" అంటే మాత్రం లెక్కలో ఏ అంకె తప్పో చూపించమనండి.